మెడపూస జారిన చిన్నకుక్కకు ఆపరేషన్: బుజ్జిని చూసుకుంటూ నేను నేర్చుకున్నవి

మా బుజ్జికి ఏదో అయిందని నాకు మొదట తెలిసింది దాని అన్నం గిన్నె దగ్గర. గిన్నె నేల మీద పెడితే వాసన చూసి వెనక్కి వెళ్లిపోయేది. అదే అన్నం చేత్తో నోటి దగ్గర పెడితే గబగబా తినేసేది. ఆకలి ఉంది, తల కిందికి దించడమే దానికి చేతకావడం లేదు.

నేను తిరుపతి బైరాగిపట్టెడలో ఇంట్లోనే మిషను పెట్టుకుని బ్లౌజులు కుడతాను. బుజ్జి పామేరియన్. అప్పటికి దానికి 14 నెలలు, బరువు 2.4 కిలోలు. నేను మిషను తొక్కుతున్నంతసేపూ పక్కనే కత్తిరింపు ముక్కల మీద పడుకునేది. ఆ వారం ఒళ్లోకి తీసుకోబోతే కెవ్వుమని అరిచింది. రెండు రోజులకు నడక మారింది. కాళ్లు ఒకటి ఇటు, ఒకటి అటు పడేవి. ముందరి పాదం మడతపడి, పైభాగం నేలకు రాసుకుంటున్నా దానికి తెలిసేది కాదు.

"మెడ పట్టేసుంటాది లేమ్మా, రవంత ఆముదం రాసి మర్దన చేస్తే సరిపోతాది" అంది మా అత్తమ్మ. ఆమె ప్రేమతోనే అంది. ఒకసారి మర్దన చేశాం కూడా. ఇప్పుడు తలుచుకుంటే నాకు చేతులు వణుకుతాయి. మేం మొదట చూపించిన చోట బెణుకు అన్నారు. నొప్పికి ఇంజక్షన్ వేశారు, కదలనివ్వకండి అని మాత్రం చెప్పలేదు. నొప్పి తగ్గేసరికి బుజ్జి హుషారుగా మంచం ఎక్కి కిందికి దూకింది. ఆ రాత్రే నాలుగు కాళ్లూ చచ్చుబడ్డాయి. అందుకే రాస్తున్నాను. మీ ఇంట్లో చిన్నజాతి కుక్క ఉండి, ముఖ్యంగా రెండేళ్లలోపుదై, తల దించడానికి జంకుతున్నా, ఎత్తుకుంటే అరుస్తున్నా, తూలుతున్నా బెణుకు అనుకుని ఊరుకోకండి. పామేరియన్, చువావా, యార్క్‌షైర్ టెర్రియర్, టాయ్ పూడిల్, మాల్టీస్, పెకినీస్ జాతుల్లో ఈ జబ్బు ఎక్కువ.

మెడలో జరిగేది ఇదీ

తల కిందనే ఉండే మొదటి వెన్నుపూసను అట్లాస్ అంటారు, రెండోదాన్ని యాక్సిస్ అంటారు. యాక్సిస్ నుంచి కింది పూసలకు దాదాపు అన్నిటికీ మధ్యలో మెత్తని డిస్కు ఉంటుంది. ఈ రెంటి మధ్య ఉండదు. తల అటూ ఇటూ తిరగాలి కాబట్టి ఇక్కడ అమరిక వేరు. యాక్సిస్ ముందు భాగంలో పంటిలాంటి మొన ఒకటి ఉంటుంది. అది అట్లాస్ లోపలికి వెళ్లి కూర్చుంటుంది. దాని మీదుగా ఒక లిగమెంటు, అంటే ఎముకలను పట్టి ఉంచే గట్టి నార, అడ్డంగా పట్టీలా ఉంటుంది. డాక్టరు బొమ్మ గీసి చూపించినప్పుడు నాకు ప్యాంటు నడుముకు కుట్టే లూప్ గుర్తొచ్చింది. బెల్టు ఎగలేవకుండా లూప్ పట్టుకున్నట్టు, ఆ మొన పైకి లేవకుండా లిగమెంటు పట్టుకుంటుంది.

కొన్ని చిన్నకుక్కలకు పుట్టుకతోనే ఆ మొన పొట్టిగా ఉంటుంది. కొన్నిటికి అసలు ఉండదు. కొన్నిటికి లూపే ఉండదు. అలాంటి కుక్క తల వంచినప్పుడల్లా యాక్సిస్ పైకి లేచి వెన్నుపామును నొక్కుతుంది. మంచం మీంచి దూకడం, కాలర్ పట్టి లాగడం, పెద్దకుక్క మీద పడడం లాంటి చిన్న దెబ్బతోనే ఒక్కరోజులో బయటపడవచ్చు. ఆ చోటు మెదడుకు చాలా దగ్గర. గట్టిగా నలిగితే ఊపిరే ఆగిపోవచ్చు. దీన్ని అట్లాంటో యాక్సియల్ ఇన్‌స్టెబిలిటీ అంటారు. పేరు గుర్తుండకపోయినా ఫరవాలేదు. మెడ కిందికి వంగకూడదన్నది మాత్రం ఇంట్లో అందరికీ గుర్తుండాలి, ఇంటికొచ్చే చుట్టాలతో సహా.

అనుమానం వచ్చిన ఆ గంటలోనే

కాలర్ తీసేయండి. తల మీదుగా లాగి కాదు, బకిల్ విప్పి తీయండి. విప్పడం కుదరకపోతే కత్తెరతో కోసేయండి.

ఎత్తేటప్పుడు చంకల కింద చేతులు పెట్టి పిల్లల్ని ఎత్తినట్టు ఎత్తకండి, తల వేలాడిపోతుంది. నేను బట్టల తాను చుట్టి వచ్చే గట్టి అట్ట వాడాను. బట్టల షాపులో అడిగితే ఊరికే ఇస్తారు. దాన్ని కుక్క పక్కనే నేల మీద పెట్టి, ఒకరు తల, భుజాలు కలిపి, ఇంకొకరు నడుము పట్టుకుని, ఒక్క మాట మీద మెల్లగా దాని మీదికి జరపాలి. రెండు టవళ్లు చుట్టలు చుట్టి మెడకు ఆ పక్కొకటి ఈ పక్కొకటి పెట్టాలి. మెడ చుట్టూ దేన్నీ బిగించి కట్టకండి, ఊపిరికి అడ్డమవుతుంది. అట్టతో సహా గట్టి అడుగున్న బుట్టలో పెట్టండి.

ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు వేయకండి. మనుషుల ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపును, కిడ్నీలను దెబ్బతీస్తాయి. ముందే ఎవరైనా ఇంజక్షన్ వేసి ఉంటే దాని పేరు రాయించుకుని వెళ్లండి. స్టెరాయిడూ మామూలు నొప్పి మందూ కలిసి పడితే కడుపులో పుండ్లు పడి రక్తం పోవచ్చు. కాబట్టి రెండో డాక్టరుకు ఆ పేరు తెలియాల్సిందే. నేను ఆ చీటీ పారేసి మళ్లీ వెనక్కి పరిగెత్తాను. ఆ టెన్షన్ మీకొద్దు.

తిరుపతి వాళ్లకు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఊళ్లోనే ఉంది. చిత్తూరు నుంచి వచ్చేవాళ్లకు 70 కిలోమీటర్లు ఉంటుంది. ముందు అక్కడే అడగండి. చీటీ రాసే చోటే "మెడ సమస్య, ఎవరూ మెడ వంచొద్దు" అని చెప్పేయండి. లైనులో పెద్దకుక్కల మధ్య కూర్చోకుండా బుట్టతో ఓ మూలకు వెళ్లండి.

పక్క నుంచి తీసే మామూలు ఎక్స్‌రేలోనే చాలావరకు తెలిసిపోతుంది. అట్లాస్ వీపు వైపు కమానుకు, యాక్సిస్ మీద కొడవలిలా ఉండే గట్టుకు మధ్య ఖాళీ పెరిగి కనిపిస్తుంది. మా డాక్టరు పెన్ను మొనతో ఆ ఖాళీ చూపించారు. పక్కపక్కన అతుక్కుని ఉండాల్సిన రెండు గుడ్డలు కుట్టు ఊడి విడిపోయినట్టుంది. ఇక్కడ ఒక మాట తప్పకుండా అడగండి: "మత్తు ఇవ్వకుండా తీస్తారా? మెడ వంచుతారా?" మెలకువగా ఉన్నప్పుడు కుక్క మెడ కండరాలు బిగబట్టి ఆ పూసలను కొంత కాపాడుతుంటాయి. మత్తిస్తే అవి వదులవుతాయి. మత్తు తప్పనిసరైతే మెడకు ఆసరా పెట్టుకునే ఇవ్వాలి. ఆపరేషన్ అనుకున్నాక ఎముకల కొలతల కోసం సీటీ స్కాన్ తీస్తారు. వెన్నుపాము ఎంత దెబ్బతిందో, మెదడు పొరల వాపో డిస్కు జబ్బో కూడా ఉందేమో చూడాలంటే ఎమ్మారై కావాలి.

కట్టా, ఆపరేషనా

అందరికీ ఆపరేషన్ కాదు. నొప్పి మాత్రమే ఉండి నడక బాగున్నవాటికి, మరీ పసికూనలకు, మత్తు తట్టుకోలేనివాటికి, డబ్బు కుదరనివాళ్లకు కట్టు ఒక దారి. గడ్డం కింది నుంచి ఛాతీ దాకా తల, మెడ కదలకుండా గట్టి కట్టు వేసి, కనీసం ఆరేడు వారాలు బోనులో ఉంచుతారు. లోపల గాయం మానేటప్పుడు ఏర్పడే మచ్చకండ గట్టిపడి పూసలను పట్టుకుంటుందని ఆశ. పట్టుకోకపోతే జబ్బు తిరగబెడుతుంది. మన ఎండల్లో కట్టు కింద చర్మం ఒరిసి పుండ్లు పడతాయి, చెవుల్లో చీము పట్టవచ్చు, తినేటప్పుడు పొరపోవచ్చు. కట్టు వేయించుకుంటే రోజూ అంచుల దగ్గర వేలు పెట్టి చూడండి, వాసన చూడండి. తడిసినా వాసన వచ్చినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

బుజ్జికి నాలుగు కాళ్లలో బలం పోయింది కాబట్టి డాక్టరు ఆపరేషనే మేలన్నారు. రెండేళ్లలోపు వయసు, జబ్బు మొదలై ఎక్కువ కాలం కాకపోవడం, ఈ రెండూ దాని వైపు ఉన్నాయన్నారు. ప్రాణానికి ప్రమాదం చిన్నదేమీ కాదని కూడా ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు. ఆపరేషన్‌లో గానీ, తర్వాత రెండు మూడు రోజుల్లో గానీ ఊపిరి ఆగి పోయే కుక్కలు ఉంటాయి. ఆ మాట దాచకుండా చెప్పినందుకే నేను ఆయన్ను నమ్మాను.

ఆపరేషన్ రెండు వైపుల నుంచి చేస్తారు. వీపు వైపు నుంచి చేసేది పాత పద్ధతి. అట్లాస్ కమాను కింది నుంచి తీగో గట్టి దారమో దూర్చి యాక్సిస్ గట్టుకు కడతారు. సామాన్లు తక్కువ పడతాయి. కానీ తీగ దూర్చేది వెన్నుపాము మీదుగానే. చిన్నకుక్క కమాను పలచన. తీగ ఎముకను కోసుకుని రావచ్చు, తెగనూవచ్చు. పైగా రెండు పూసలూ అతుక్కోవు, ఆ తీగ మీదే నిలబడి ఉంటాయి. పలచటి గుడ్డకు గట్టి దారంతో ఒక్క టాకా వేస్తే దారం నిలిచి గుడ్డ చిరుగుతుంది. నాకు అలాగే అర్థమైంది.

ఇప్పుడు ఎక్కువగా గొంతు వైపు నుంచి చేస్తున్నారు. కుక్కను వెల్లకిలా పడుకోబెట్టి, మెడను చాపి, దవడ కింది నుంచి కోసి, గాలిగొట్టాన్నీ అన్నవాహికనూ పక్కకు జరిపి పూసల అడుగు వైపు చేరతారు. జారిన యాక్సిస్‌ను సరైన చోటికి తెస్తారు. రెండు పూసల కీళ్లలో ఉన్న మృదులాస్థిని గీకేసి, భుజం ఎముక నుంచి తీసిన మెత్తటి ఎముక పొడిని అక్కడ పెడతారు. అలా పెడితేనే కొన్ని వారాలకు రెండు పూసలూ ఒక్కటై అతుక్కుంటాయి. అప్పటిదాకా పట్టుకోవడానికి కీలు మీదుగా రెండు స్క్రూలు దించుతారు, లేదా రెండు పూసల్లోనూ చిన్న స్క్రూలో పిన్నులో నాలుగైదు దించి వాటి తలలన్నిటినీ బోన్ సిమెంటుతో కలిపేస్తారు. కొందరు చిన్న ప్లేటు వేస్తారు. ఈ సైజు కుక్కలకు వాడే స్క్రూ 1.5 మిల్లీమీటర్లు ఉంటుంది. నేను బ్లౌజుకు వాడే గుండుసూదికి రెండు మూడింతల లావు, అంతే. ఒక్క పిసరు పక్కకు పోయినా వెన్నుపాములోకి వెళ్తుంది. అందుకే సీటీ స్కాన్ మీద కొలతలు వేసుకుంటారు. కొన్నిచోట్ల డ్రిల్లు దారి తప్పకుండా ఆ కుక్క ఎముకకే సరిపోయే అచ్చును (డ్రిల్ గైడు) త్రీడీ ప్రింటర్‌లో చేయించుకుంటారు. సిమెంటు గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది. చుట్టూ కండ కాలకుండా సెలైన్ పోస్తూ చల్లారుస్తారు.

డాక్టరును ఏమడగాలో ముందే కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఎదురుగా కూర్చుంటే అన్నీ మరిచిపోతాం. నేను అడిగినవి ఇవి: ఇంత చిన్న కుక్కలకు ఈ ఆపరేషన్ మీరు ఎన్ని చేశారు? ఏ పద్ధతి, ఎందుకు? రాత్రంతా ఎవరు పక్కన ఉంటారు, ఊపిరి ఆగితే వెంటిలేటర్ ఉందా? స్క్రూ వదులైతే మళ్లీ చేయగలరా, దానికి ఖర్చు వేరేనా? మొదటి ప్రశ్నకు కోపం తెచ్చుకునే డాక్టరు నాకొద్దనుకున్నాను. స్కాను, ఆపరేషన్, స్క్రూలు, ఐసీయూ రోజులు, తర్వాతి ఎక్స్‌రేలు విడివిడిగా రాయించుకోండి. ఆపరేషన్ ఖర్చు ఒక్కటే చూసుకుని వెళ్తే మధ్యలో ఇబ్బంది పడతారు. మాకు నా గొలుసు తాకట్టు పెట్టాల్సి వచ్చింది.

రక్తపరీక్షలతో పాటు గాలిగొట్టం ఎలా ఉందో కూడా చూడమనండి. చిన్న జాతుల్లో అది మెత్తబడి కుంచించుకుపోయే జబ్బు ఎక్కువ, ఈ ఆపరేషన్‌లో దాన్నే పక్కకు జరుపుతారు. ముందు రాత్రి ఎన్ని గంటల నుంచి తిండి ఆపాలో గడియారం లెక్కన అడగండి. రెండు కిలోల కుక్క ఎక్కువసేపు కడుపు మాడ్చుకుంటే రక్తంలో చక్కెర పడిపోతుంది.

చెన్నై ప్రయాణం

మేం ఆపరేషన్ చెన్నైలో చేయించాం. రైలు వద్దు. బుట్టను గార్డు పెట్టెలో వేయాలంటారు, అక్కడ కుదుపులకు మెడ ఎవరు పట్టుకుంటారు? కారు మాట్లాడుకుని తెల్లవారుజామున 3 గంటలకు బయలుదేరాం. ఎండ ఎక్కకముందే చేరిపోవాలి. పుత్తూరు, నగరి మీదుగా వెళ్లాం. స్పీడ్ బ్రేకరు వచ్చే ముందు చెప్పమని డ్రైవరు తమ్ముడికి ముందే చెప్పాను. అతను "అక్కా, బ్రేకరు" అన్నప్పుడల్లా నేను టవలు చుట్టలను రెండు చేతులతో అదిమిపట్టేదాన్ని. బుట్టను ఒళ్లో కాకుండా వెనక సీటు మీద బెల్టు వేసి పెట్టండి.

ఎనిమిది వారాలు

ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పగానే నేను ఏడ్చేశాను. "అమ్మా, మా పని అయింది, మీ పని ఇప్పుడు మొదలైంది" అన్నారు డాక్టరు. నాలుగు రోజులకు ఇంటికి పంపారు.

బోను సైజు ఎలా ఉండాలంటే, కుక్క కాళ్లు చాపి పడుకోవాలి, చుట్టూ తిరగగలగాలి, గెంతడానికి మాత్రం చోటుండకూడదు. పైన మూత ఉండాలి. మాది నున్నటి టైల్స్ నేల, అందుకని కింద యోగా మ్యాట్ పరిచి పైన పాత నూలుచీర మడతలు వేశాను. ఫ్యాను గాలి తగిలే చోట, గుమ్మానికి దూరంగా పెట్టండి. మా గుమ్మంలో కాలింగ్ బెల్ మోగితే బుజ్జి ఎగిరి మొరిగేది. బ్లౌజులకు వచ్చేవాళ్లందరికీ ఫోన్ చేసి పిలవండని చెప్పి ఆ రెండు నెలలూ బెల్లు తీసేయించాను. దీపావళి ఆ మధ్యలోనే పడింది. ముందే డాక్టరునడిగి శాంతపరిచే మందు తెచ్చుకున్నాం. కిటికీలకు దుప్పట్లు కట్టి, మా పాప బోను పక్కనే చాప వేసుకుని పడుకుంది.

మొదటి పది రోజులు బుజ్జి లేవలేదు. నాలుగు గంటలకోసారి పక్క మార్చాం, తల, భుజాలు, నడుము ఒకే వరసలో ఉండేలా ఇద్దరం కలిసి. ఒకే పక్క వదిలేస్తే పుండ్లు పడతాయి, కింది వైపు ఊపిరితిత్తిలో నెమ్ము చేరుతుంది. మూత్రం తనంతట పోయకపోతే పొట్ట నొక్కి తీయించే పద్ధతి ఆసుపత్రిలోనే మీ చేత్తో చేయించి నేర్పమనండి. ఫోన్ వీడియో చూసి చేయవద్దు.

తిండి గిన్నెను ఛాతీ ఎత్తుకు లేపాలి. నేను దారపు రీళ్ల డబ్బా మీద గిన్నె పెట్టాను. ఉప్పు, కారం, ఉల్లిపాయ లేకుండా ఉడికించిన కోడిమాంసం, మెత్తటి అన్నం కలిపి గోలీలంత ముద్దలు చేసి పెట్టేదాన్ని. ఉల్లి కుక్కల రక్తాన్ని పాడుచేస్తుంది. పడుకుని ఉండగా నోట్లో నీళ్లు పోయకండి. రొమ్ము మీద ఆనుకుని కూర్చోబెట్టి, తిన్నాక పావుగంట అలాగే ఉంచండి. గొంతు వైపు ఆపరేషన్‌లో మింగడానికి, అరవడానికి పనికొచ్చే నరాలు నలిగి ఉండవచ్చు. బుజ్జి మొరుగు రెండు వారాలు బొంగురుగా ఉంది, తర్వాత సర్దుకుంది. పొరపోయి తిండి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా వస్తుంది. అందుకే నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు పొట్ట లేస్తోందో రోజూ లెక్కపెట్టి, కొలతలు రాసుకునే పుస్తకంలోనే రాశాను. 30 దాటుతున్నా, దగ్గుతున్నా, తిన్నది కక్కుతున్నా తెల్లారేదాకా ఆగకండి. ఉన్నట్టుండి మెడ నొప్పి మళ్లీ మొదలైనా, నడిచే కుక్క మళ్లీ తూలినా అంతే. స్క్రూ కదిలి ఉండవచ్చు.

కాళ్లకు కసరత్తు డాక్టరు ఒప్పుకున్నాకే మొదలుపెట్టాం. పక్కకు పడుకోబెట్టి, ఒక్కో కీలు మెల్లగా మడిచి చాపడం, పదిహేనేసి సార్లు, పూటకోసారి. ఆ మధ్యలో మా పాప తల దగ్గర కూర్చుని గమ్మున మెడ పట్టుకునేది. మూడో వారంలో పొట్ట కింద కండువా వేసి నిలబెట్టాం. అప్పుడు కూడా పాదాలు మడతపడుతున్నాయేమో చూసి సరిచేస్తూ ఉండాలి. కుక్క హుషారుగా ఉందని ఆరో వారంలో బోను తెరిచేయాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఎముక అతుక్కుందని ఎక్స్‌రే చెప్పేదాకా తెరవకండి. మాకు ఎనిమిదో వారం ఎక్స్‌రే తీశారు. ఆ తర్వాత కూడా మొదట అయిదు నిమిషాల నడక, అదీ ఇంట్లోనే.

ఇక జన్మకు కాలర్ లేదు. ఛాతీకి తొడిగే పట్టీ, అంటే హార్నెస్ అయినా అంగట్లో దొరికేవి చాలావరకు మెడ మొదట్లోకి జారుతున్నాయి, అందుకే నేనే కుట్టాను. కొలత మెడ దగ్గర తీసుకోకూడదు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టు ఒకటి, రొమ్ము ఎముక మీద అడ్డపట్టీ ఒకటి. గొలుసు తగిలించే రింగు వీపు మధ్యలో రావాలి. లోపల నూలు లైనింగ్, రెండు వేళ్లు దూరేంత వదులు. తల మీదుగా తొడిగేది వద్దు, రెండు పక్కలా విప్పుకునేలా క్లిప్పులు పెట్టండి. ఇది పుట్టుకతో వచ్చే లోపం కాబట్టి బుజ్జికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా తర్వాత చేయించాం. మత్తిచ్చే ప్రతిసారీ, ఎవరు ఇచ్చినా, మెడలో స్క్రూలున్న సంగతి ముందే చెప్పాలి. బొచ్చు కత్తిరించేవాళ్లకూ చెప్పాలి, వాళ్లు దవడ పట్టి తల పైకీ కిందికీ తిప్పుతారు. మనం పక్కన లేనప్పుడు ఎవరైనా ఎత్తుకుంటారేమోనని హార్నెస్ వీపు మీద ఎర్ర దారంతో పెద్ద అక్షరాల్లో కుట్టాను: "మెడ ముట్టుకోవద్దు. ఛాతీ, నడుము కలిపి ఎత్తండి."